ఉప్పూ కారం పడకముందు

ఆ నూలు మిల్లు క్యాంటీన్లో ఒక రూలుంది. వండినవాళ్ళే ముందు తినాలి. వాళ్ళు తిన్నాకే గంట, గంట కొట్టాకే వడ్డన. గోడకి అంటించి మరిచిపోయే రకం రూలు కాదది. వడ్డన కిటికీ లోపలివైపు ఒక ఎత్తు స్టూలు ఉంటుంది. వంటావిడ దానిమీద కూర్చుని, కిటికీ బయట బారులు తీరిన మూడొందల మంది చూస్తుండగా మూడు ముద్దలు నమిలి మింగి, గ్లాసుడు నీళ్ళు తాగి లేవాలి. పద్నాలుగేళ్ళుగా ఆ స్టూలెక్కింది ఒక్కతే మనిషి. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో ఉందేమో గానీ, మిల్లులో అందరికీ ఆవిడ ముద్దక్క.

రూలు ఊరికే పుట్టలేదు. ముద్దక్క రాకముందు ఒక మధ్యాహ్నం కూర తిని ముప్పై మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ళలో ఒకావిడ పెద్దాయన చెల్లెలు. పెద్దాయనంటే మిల్లులో అందరికంటే పాతకాపు, దారం చుట్టే యంత్రాల దగ్గర జుట్టు నెరిసినవాడు. చెల్లెల్ని సాగనంపి వచ్చి, పదిరోజులు గేటు ముందు కూర్చుని, వచ్చేపోయే కారునల్లా ఆపి, ఈ రూలు పెట్టించాడు. అప్పట్నుంచీ వరసలో మొదట నిలబడేది ఆయనే, మొదటి ప్లేటు ఆయనదే. ఆకలికి ఆగలేక కాదు. వంటమనిషి గొంతు కదలడం దగ్గర్నుంచి చూడాలి, అంతే.

"అక్కా, కాస్త తొందరగా మింగు. ఇక్కడ పేగులు కొట్టుకుంటున్నాయి" అని వెనకనుంచి ఎవరో ఒకరు అరిచేవారు.

"కొట్టుకుంటే విడదీయండ్రా, మధ్యలో నన్నెందుకు లాగుతారు?" అనేది ముద్దక్క, నోట్లో ముద్దతోనే. మాటకి మాట అప్పజెప్పకుండా ఆవిడ ఏనాడూ స్టూలు దిగలేదు.

ఇంటి సంగతికొస్తే ఇద్దరే మనుషులు, ముద్దక్కా మరదలూ. పెళ్ళయిన ఆరో ఏట ముద్దక్క భర్త జ్వరంతో పోయాడు. నెల తిరక్కుండానే అత్తింటివాళ్ళు "ఇంక నీకూ మాకూ ఏముందమ్మా" అన్నారు. ముద్దక్క బట్టలు సర్దుకుని గుమ్మం దిగితే, వెనకాలే ఆడపడుచు తన సంచీ కూడా చంకన పెట్టుకుని దిగింది. "అన్న పోతే వదిన కూడా పోయినట్టేనా? ఇదెక్కడి లెక్క?" అంది తల్లితో. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు, ఇంకో గుమ్మమూ చూసుకోలేదు. ముద్దక్క వంటకి కుదిరాక మరదల్నీ క్యాంటీన్లోనే పెట్టించింది. అక్కడ వదిన వండేది, మరదలు కిటికీ దగ్గర వడ్డించేది. ఇంట్లో మాత్రం మరదలు వండాలి. వండినంతసేపూ వదిన వంకలు పెట్టాలి. అదీ వాళ్ళ సంసారం.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ముద్దక్కకి దవడ లోపల ఒక పుండు లేచింది. నోరు పూసిందిలే అనుకుంది. నోరు పూయని మనిషెవరు? కూరలు తరిగేవాళ్ళు తలో వైద్యం చెప్పారు. వేడి చేసిందక్కా, పొయ్యి ముందు నిలబడితే చెయ్యదూ అంది ఒకావిడ. తేనె రాయమంది ఇంకొకావిడ. మందుల షాపతను విటమిన్ మాత్రలూ, పూసుకోవడానికి ఒక ట్యూబూ ఇచ్చి వారంలో మాయమన్నాడు. వారం వెళ్ళింది, నెల వెళ్ళింది. ఒకటి మానేలోపు పక్కన రెండు లేచేవి. పొద్దున బ్రష్షు పెడితే చిగుళ్ళ మీది తొక్క ఊడి బ్రష్షుకే అంటుకొచ్చేది. పళ్ళ డాక్టరు చూసి, పన్ను అంచు గీసుకుంటోందని అరగదీశాడు. తగ్గకపోతే ఆ పన్నే పీకించుకుంది. రాయిలాంటి పన్ను. పన్ను పోయింది గానీ పుండు పోలేదు.

పెద్దాస్పత్రికి ఎందుకు వెళ్ళలేదంటే, భయం. వాళ్ళమ్మ నోట్లో పుండుతోనే పోయింది. ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. వెళితే డాక్టరు ఆ పేరే అంటాడని ముద్దక్కకి గట్టి నమ్మకం. ఇంకో భయం వంటగది గోడ మీదే ఉంది. చేతులమీద గానీ నోట్లో గానీ పుండ్లున్నవాళ్ళు వంట చెయ్యరాదు అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. అన్నిటికంటే పెద్ద భయం మూడోది. ఇది అంటుకునే జబ్బైతే? మూడొందల మందికి వండే చెయ్యి తనది. చెప్పేస్తే బతుకు పోతుంది. చెప్పకపోతే ఎవరి పాపం మూటగట్టుకుంటోందో తెలీదు. నిజంగానే మింగలేక కక్కలేక నలిగింది ఆ మనిషి.

అందుకని ఇంట్లో తన గ్లాసూ కంచం వేరు పెట్టుకుంది. మరదలు తిన్న కంచంలో మిగిలింది తినడం, మరదలి గ్లాసులో నీళ్ళు తాగడం పద్నాలుగేళ్ళ అలవాటు. ఒక్కసారిగా మానేసింది. అన్నం కూడా సగం వదిలేసి లేచేది.

"ఏం వదినా, నా చేతి వంట అంత చేదయిందా? నా ఎంగిలి కూడా రోతయిందా?" అంది మరదలు ఒకరోజు, కళ్ళనిండా నీళ్ళతో.

"వంట ఎప్పుడు తియ్యగా ఉంది గనక కొత్తగా చేదవడానికి?" అంది ముద్దక్క. నవ్వుతూ అనబోయింది గానీ పెదవి చిట్లి నెత్తురొచ్చింది. అటు తిరిగిపోయింది.

ఇల్లు సరే. స్టూలు సంగతేమిటి? రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి, ఉప్పూ కారం ఉన్న వేడి కూర కలిపిన మూడు ముద్దలు ఆ పచ్చిపుండులాంటి నోట్లోంచి పోవాలి. నమిలితే దవడలు మండేవి, మింగితే గొంతు చీరుకుపోయినట్టుండేది. కళ్ళలో నీళ్ళొస్తే "ఇవాళ కారం అదిరిందిరోయ్" అని తనే అరిచేది. వరసలో వాళ్ళు ఈలలు వేసేవారు. పెద్దాయన మాత్రం నవ్వేవాడు కాదు. ఆయన చూపు ఆవిడ గొంతు మీదే ఉండేది.

నాలుగో నెలలో ఇక చేతకాలేదు. ముందురోజు మింగిన ముద్దకి గొంతు వాచి మాట కూడా రాలేదు. ఆవేళ పొయ్యి ముందు నిలబడి ఏడుస్తుంటే, ఉడుకుతున్న గుండిగలో ఇంకా ఉప్పూ కారం వెయ్యలేదన్న సంగతి తట్టింది. ఒక గరిటెడు తీసి చిన్న గిన్నెలో పోసి చల్లార్చింది. తర్వాతే గుండిగలో ఉప్పూ కారం వేసింది. గంట వేళకి ఆ గిన్నెలోదే అన్నంలో కలుపుకుని, ప్లేటు పట్టుకుని వచ్చి స్టూలెక్కింది. మూడు ముద్దలూ దిగిపోయాయి. మండాయి గానీ దిగిపోయాయి. రూలు తినమంది. ఎందులోంచి వడ్డించుకోవాలో చెప్పలేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది. మోసమని తెలుసు. తెలిసే చేసింది.

అప్పట్నుంచీ అదే పద్ధతి. గుండిగ రుచి చూడటమే మానేసింది. పద్నాలుగేళ్ళ చెయ్యి, కొలత తప్పదనుకుంది. తప్పలేదు కూడా, రెండు నెలల దాకా.

ఆ రోజుకి ముద్దక్క సరిగ్గా తిని రెండు రోజులైంది. నీళ్ళు కూడా మండుతుంటే ఏం తింటుంది? పొయ్యి సెగకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. గిన్నెలు తోమే ఆవిడ మాడిన గుండిగ జిడ్డు వదలగొట్టడానికి తెచ్చిన కాస్టిక్ సోడా పొడి డబ్బా పొయ్యి గట్టుమీదే వదిలేసి వెళ్ళింది. ఉప్పు డబ్బా లాంటిదే డబ్బా, ఉప్పులాంటిదే తెల్లటి పొడి. ముద్దక్క తన గరిటెడు తను తీసి పక్కన పెట్టుకుంది. తర్వాత గ్లాసుతో రెండుసార్లు కొలిచి గుండిగలో వేసింది. కారం వేసింది, కలిపింది. నాలిక చివర పెట్టుకున్నా తెలిసిపోయేది. పెట్టుకోలేదు.

స్టూలెక్కింది. మూడు ముద్దలు మింగింది. నీళ్ళు తాగి లేచింది. పెద్దాయన తలాడించాడు. గంట మోగింది.

మొదటి ప్లేటు పెద్దాయనది. ఆవిడ తిన్నది చూశాడు గనక నిశ్చింతగా, ఆబగా తినే మనిషి. వయసు మీద పడి నాలిక రుచి కూడా మొద్దుబారింది. ఆరేడు ముద్దలు లోపలికి పోయాక గానీ మంట తెలీలేదు. ఈలోగా వెనకవాళ్ళు ఉమ్మేయడం మొదలుపెట్టారు. "సబ్బు తిన్నట్టుందిరా" అన్నాడొకడు. ఇంకొకడు గొంతు పట్టుకుని కూలబడ్డాడు. అరనిమిషంలో హాలంతా కేకలు, వాంతులు. ప్లేటు జారిపోతుంటే పెద్దాయన కిటికీ చువ్వ పట్టుకుని ముద్దక్క వైపే చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం. అదే ముద్దక్క గుండెలో దిగింది.

ఇరవైమందిని మిల్లు డిస్పెన్సరీకి మోసుకెళ్ళారు. మిల్లు డాక్టరమ్మ అందరినీ చూసి, ప్రాణాలకేం భయం లేదంది. పెద్దాయనకి మాత్రం నోరూ గొంతూ బాగా కాలాయి, పెద్దాస్పత్రికి పంపాలంది. బండి వచ్చేలోపు, డిస్పెన్సరీ వరండాలోనే క్యాంటీన్ సూపర్‌వైజరు పంచాయితీ పెట్టాడు. ఆయన లెక్క తేలిగ్గా తేలింది. వండినావిడ అందరి ముందూ తింది. ఆవిడకేం కాలేదు. అంటే అప్పటికి కూర బాగానే ఉంది. తర్వాత గుండిగ ఎవరి చేతిలో ఉంది? వడ్డించే మరదలి చేతిలో.

"నిన్న సెలవివ్వలేదని నాతో గొడవపడ్డావు కదూ? చెప్పు, ఏం కలిపావు?" అన్నాడు.

"నేనేం కలపలేదు సార్" అంది మరదలు. ఒక్కసారి తలెత్తి వదిన వైపు చూసింది. మళ్ళీ దించేసుకుంది. ఎన్ని అడిగినా ఇంకో మాట లేదు.

"సరే, పోలీసులకే చెప్దువుగాని" అని ఫోన్ తీశాడు.

ముద్దక్క స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. డబ్బా సంగతి అప్పటికే ఆవిడకి అర్థమైంది. అర్థమై కూడా నోరు పెగల్లేదు. భయపడింది, సిగ్గుపడింది. రెండు రోజులు ఉంచి వదిలేస్తారులే, నిజం ఎక్కడికి పోతుంది అని కూడా ఒక్క క్షణం అనుకుంది. అలా అనుకున్నానని తర్వాత మరదలితో తనే చెప్పి ఏడ్చింది. కానీ మరదలు చెయ్యి ఎవరో పట్టి లాగారు. పందొమ్మిదేళ్ళప్పుడు సంచీ పట్టుకుని తన వెనకాల గుమ్మం దిగిన చెయ్యి. ముద్దక్క కాళ్ళు వాటంతటవే కదిలాయి.

"దాన్ని వదలండి. కలిపింది నేను" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. "ఉప్పనుకుని సోడా పొడి వేశాను. నేను తిన్నది గుండిగలోది కాదు. ముందే విడిగా తీసి పెట్టుకున్నది. రెండు నెలల్నుంచీ అంతే."

సూపర్‌వైజరు ఫోన్ దించలేదు. "మరదలి మీద ప్రేమ ఉండొచ్చమ్మా, మరీ ఇంత అబద్ధమా? మూడొందల మంది చూశారు నువ్వు తినడం."

బండికోసం వరండాలోనే మంచం మీద పడుకోబెట్టిన పెద్దాయన చెయ్యెత్తాడు. గొంతు బొంగురుపోయింది. "తింది" అన్నాడు కష్టపడి. "నేను చూశాను."

పద్నాలుగేళ్ళు సంపాదించుకున్న నమ్మకం అది. ఇప్పుడు అదే మెడకి చుట్టుకుంది. ముద్దక్క డాక్టరమ్మ చేతిలో టార్చి తీసుకుని పెద్దాయన మంచం దగ్గరికి వెళ్ళింది. వంగి, టార్చి తన మొహం మీదికి తనే వేసుకుని, నోరు తెరిచింది. తెరుస్తుంటేనే పెదవుల మూలలు చిట్లాయి.

పెద్దాయన చూశాడు. దవడలు రెండువైపులా తోలు ఒలిచినట్టు ఎర్రగా ఉన్నాయి. చిగుళ్ళమీద చర్మమన్నది లేదు. నాలిక కింద తెల్లటి పొరలు వేలాడుతున్నాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. సూపర్‌వైజరు ఫోన్ జేబులో పెట్టుకుని వరండా చివరికి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ ముద్దక్కని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. "ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?"

"ఆర్నెల్లు. మా అమ్మ కూడా నోట్లో పుండుతోనే పోయింది."

"ఒంటిమీద బొబ్బలేమైనా లేచాయా?"

"అవి నూనె చిట్లిన బొబ్బలు డాక్టరమ్మా. వంటవాళ్ళం, మామూలే."

"ఎక్కడ?"

ముద్దక్క గుండెలమీద చూపించింది, వీపు మీద చూపించింది.

"నూనె చిట్లితే జాకెట్టు కాలకుండా లోపల ఒళ్ళెలా కాలుతుందమ్మా?" అంది డాక్టరమ్మ. ఆ సంగతి నిజమే. పొయ్యి ముందు బతికే మనిషికి ఏ బొబ్బ లేచినా నూనెదే అనిపిస్తుంది.

చర్మం డాక్టరు దగ్గరికి రాసిస్తానంది. పుండు నోట్లో ఉంటే చర్మం డాక్టరేమిటని ముద్దక్క తెల్లబోయింది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి, సొంత చర్మాన్నే పరాయిదనుకుని దాడి చేస్తుందట, కావలికుక్క ఇంటివాళ్ళనే కరిచినట్టు. చాలామందికి ముందు నోట్లోనే మొదలవుతుందట. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే తేలుతుంది, మీ అమ్మగారి జబ్బులా అనిపించట్లేదు, కానీ ఏళ్ళ తరబడి మందులు వాడాలి, మీ అంతట మీరు ఆపకూడదు అంది.

ముద్దక్క ఇవేవీ సరిగ్గా వినలేదు. ఆర్నెల్లుగా గొంతులో అడ్డం పడి ఉన్న ప్రశ్న ఒకటే. "ఇది... అంటుకుంటుందా?"

"అంటదు. ఒక కంచంలో తిన్నా అంటదు."

"వండిపెడితే?"

"అంటదమ్మా. ఆ గోడమీద రూలు నీలాంటివాళ్ళకి కాదు. మొదటి వారమే నా దగ్గరికొస్తే, రుచి చూసే పని ఇంకొకరికి అప్పజెప్పించి, వైద్యానికి పంపేదాన్ని."

గుమ్మంలో నిలబడి వింటున్న మరదలు ఒక్కసారి లోపలికొచ్చి వదిన భుజాలు పట్టుకుని కుదిపేసింది. "చెప్పి చావొచ్చు కదా వదినా! గిన్నెలోకి తీసుకుంటున్నావని మూడు వారాల కిందటే కనిపెట్టాను. నువ్వు స్టూలెక్కేలోపు గుండిగలోది నేను నాలిక మీద వేసుకుని చూసేదాన్ని, రోజూ. ఇవాళ బస్తాలు దింపించడానికి నన్ను గేటు దగ్గరికి పంపారు. ఈ ఒక్కరోజు చూడలేదు. ఒక్కరోజు!"

"మరి ఇందాక అడిగితే ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు చెప్పకుండా నేనెలా చెప్తాను?"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గుండెలు పగిలేలా ఏడ్చారు. ఏడుపుకి నోరు తెరుచుకున్నప్పుడల్లా ముద్దక్కకి ప్రాణం పోయినంత పనయ్యేది. అయినా ఆపలేకపోయింది.

పెద్దాస్పత్రిలో ముక్క తీశారు, జబ్బు డాక్టరమ్మ అన్నదే అని తేల్చారు, ముద్దక్కని పై అంతస్తులో చేర్చుకున్నారు. మందులు మొదలయ్యాయి. మొహం ఉబ్బింది, నోరు మాత్రం నెమ్మదిగా మానడం మొదలుపెట్టింది. క్యాంటీన్లోకి మళ్ళీ రావద్దని కబురొచ్చింది. రానివ్వండని ఆవిడా అడగలేదు. ఏ మొహంతో అడుగుతుంది?

పెద్దాయన కింది అంతస్తులో ఉన్నాడు. ఆయన చేరినప్పట్నుంచీ సెలైన్ మీదే ఉన్నాడని, నోటితో చుక్క మింగడం లేదని, ముక్కులోంచి గొట్టం వేస్తామంటే చెయ్యి విదిలించేస్తున్నాడని మరదలు చెప్పింది. ముద్దక్క రాత్రంతా ఆలోచించలేదు, శకునం చూడలేదు. మరదలితో జావ కాయించింది. "ఉప్పు వద్దు. పలచగా, గుడ్డలో వడగట్టు. ఒక్క పలుకు తగిలినా ప్రాణం పోతుంది. గోరువెచ్చన కూడా వద్దు, పూర్తిగా చల్లారాలి" అని పదిసార్లు చెప్పింది. గ్లాసు పట్టుకుని మెట్లు దిగింది.

పెద్దాయన ఆవిడని చూడగానే గోడవైపు తిరిగిపోయాడు. ముద్దక్క గంటసేపు కూర్చుని గ్లాసు తీసుకుని పైకి వచ్చేసింది. మర్నాడూ అంతే. మూడోరోజు ఆయన తిరగలేదు. తిరిగే ఓపిక లేదు. బుగ్గలు లోపలికి పోయాయి, పెదాలు నల్లగా పెచ్చులు కట్టాయి.

ముద్దక్క చెంచా ఆయన నోటి దగ్గర పెట్టింది. "నడిమధ్యన వద్దు బాబాయ్, పుండు తక్కువ ఉన్న పక్కకి ఒరుగు. నమలకు, నాలిక కదపకు, జారవిడువు. మొదటి ఐదారు గుక్కలే ప్రాణం తీసేది. ఆ తర్వాత మొద్దుబారిపోతుంది. కాసేపే, కానీ ఆ కాసేపట్లో గ్లాసు అయిపోతుంది."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఎడమపక్కకి ఒరిగాడు. మొదటి చెంచాకి మంచం కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయాడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. ముద్దక్క తుడవలేదు, ఆగలేదు, రెండోది పెట్టింది. మూడోది, నాలుగోది. ఆరో చెంచాకి ఆయన వేళ్ళు కాస్త వదులయ్యాయి.

"ఆర్నెల్లూ ఇలాగేనా?" అన్నాడు. గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు.

"ఇలాగే."

"నాకొక్కడికైనా చెప్పొచ్చు కదమ్మాయ్."

"అందరికీ చెప్పగలిగేదాన్నేమో బాబాయ్" అంది ముద్దక్క. "నీకే చెప్పలేకపోయాను."

పెద్దాయన మళ్ళీ నోరు తెరిచాడు. ముద్దక్క ఏడో చెంచా పెట్టింది.